శివరాత్రి దాటాక చెరువు గట్టు మీద

పోయిన నెల ఈ పేజీలో గుంటూరు దగ్గరి పక్షుల చెరువు ఉప్పలపాడు గురించి నాలుగు ముక్కలు రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్ని పొగిడాయి, కొన్ని తిట్టాయి, ఒకటి మాత్రం నా తప్పు పట్టుకుంది. అందరికీ విడివిడిగా రాసే ఓపిక లేదు కాబట్టి ఒకేలాంటివి కలిపేసి ఇక్కడే జవాబిస్తున్నాను.

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అబ్బాయి ఎనిమిదో తరగతి, వాడికి పక్షుల పిచ్చి పట్టుకుంది. సంక్రాంతి సెలవుల్లో ఉప్పలపాడు తీసుకెళ్తానని మాటిచ్చి, చుట్టాల హడావిడిలో మానేశాను. ఇప్పుడు శివరాత్రి కూడా అయిపోయింది. సీజన్ అయిపోయింది, ఇప్పుడెళ్తే వట్టి చెరువు చూసి రావాలి అంటున్నారు మావారు. వచ్చే ఏడు దాకా ఆగమంటారా?

జవాబు: ఆగకండమ్మా, ఈ ఆదివారమే వెళ్ళండి. మీవారి మాటలో సగం నిజం ఉంది. ఉత్తర దేశాల నుంచి వచ్చే బాతులు సంక్రాంతి దాకా గుంపులుగా ఉండి, ఎండ చురుక్కుమనగానే పలచబడతాయి, మార్చి చివరికి చాలావరకు ఖాళీ. కానీ ఉప్పలపాడులో మీవాడు చూడాల్సింది ఆ బాతుల్ని కాదు. అక్కడ అసలు సందడి గూడబాతులదీ ఎర్రకాళ్ళ కొంగలదీ, అంటే పుస్తకాల్లో పెలికాన్, పెయింటెడ్ స్టార్క్ అని రాసేవాటిది, అవి పిల్లల్ని సాకే రోజులివి. ఇంకాస్త ముందు వెళ్ళి ఉంటే గుడ్ల మీద కదలకుండా కూర్చున్న పెద్ద పక్షులే ఎక్కువ కనిపించేవి. ఇప్పుడైతే పిల్లలు, పిల్లలంటే గోల, తిండి, కొట్లాట. పదమూడేళ్ళ వాడికి ఏది నచ్చుతుందో మీకే బాగా తెలుసు.

నేను ఫిబ్రవరి చివరి శనివారం వెళ్ళాను. గుంటూరు నుంచి ఎనిమిది కిలోమీటర్లే కదా అని బద్ధకించకుండా చీకటితోనే బయల్దేరాను, ఎందుకంటే అంతకుముందు ఏడు తీరిగ్గా టిఫిన్ చేసి పదకొండింటికి మా మనవరాలిని తీసుకెళ్ళి, ఎండకి కళ్ళు చికిలించుకుని, నిద్రపోతున్న కొంగల్ని చూసి, 'తాతా, ఇవి బొమ్మలా' అనిపించుకుని వచ్చాను. పక్షుల దగ్గరికి ఆలస్యంగా వెళ్ళడమంటే సినిమా అయిపోయాక హాలు చూడటానికి వెళ్ళడమే.

దారి అడగక్కర్లేదు, దగ్గరికొచ్చాక వాసనే చెప్పేస్తుంది. చేపల కంపు, రెట్ట కంపు కలిసి మొదటి ఐదు నిమిషాలూ ముక్కు మూసుకోవాలనిపిస్తుంది, తర్వాత అలవాటవుతుంది. చెరువు పెద్దదేం కాదు. నీళ్ళ మధ్య చెట్లు, వాటి మీద సున్నం కొట్టినట్టు రెట్ట, చెట్లు చాలక మనుషులు నిలబెట్టిన కృత్రిమ చెట్లు, వాటి మీద కూడా గూళ్ళే. పొద్దుపొడవక ముందే ఒక షిఫ్టు మారుతుంది చూడండి, అది మిస్సవకండి. రాత్రంతా కాలవల్లో పొలాల్లో వేటాడి వచ్చిన ఎర్రకళ్ళ బూడిదరంగు రాత్రి కొంగలు నిద్రకి దిగుతుంటే, అదే కొమ్మల మీంచి నత్తగుల్ల కొంగలు, వంకర ముక్కు కంకణం పిట్టలు డ్యూటీకెళ్తున్నట్టు వరసగా లేచి పొలాల వైపు పోతుంటాయి. నత్తగుల్ల కొంగ ముక్కు మూసుకున్నా మధ్యలో సందు ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు ఆ సందు ఉండదు, పెద్దయ్యేకొద్దీ వస్తుంది. నత్తల్ని పట్టుకోవడానికి ఆ ముక్కు బాగా పనికొస్తుంది. మీవాడికి చెప్పండి, ముక్కులో సందు లేని నత్తగుల్ల కొంగని వెతకమని. దొరికితే అది ఈ మధ్య పుట్టింది.

ఇక గూడబాతు. పాతకాలం రైతులకి గూడ అంటే తెలుసు, ఇద్దరు చెరోవైపు నిలబడి తాళ్ళు పట్టుకుని ఊపుతూ కాలవలోంచి మడిలోకి నీళ్ళు తోడే బుట్ట. ఆ పక్షి ముక్కు కింద వేలాడే సంచి చూశాక ఆ పేరెందుకో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తల్లి వచ్చి గూటి మీద వాలడం ఆలస్యం, పిల్ల దాని నోట్లోకి తలకాయ మొత్తం దూర్చేస్తుంది, మెడ దాకా లోపలే, కాళ్ళు కొట్టుకుంటూ, చూసేవాళ్ళకి తల్లే పిల్లని మింగేస్తోందేమో అన్నంత టెన్షన్. నా పక్కన నిలబడ్డ ఒక పెద్దావిడ నిజంగానే 'అయ్యో అయ్యో' అంది.

తొమ్మిది దాటాక ఇంకోటి జరుగుతుంది. ఎండ ఎక్కగానే ఎర్రకాళ్ళ కొంగ గూటి అంచున నిలబడి, వీపు ఎండకి ఇచ్చి, రెండు రెక్కలూ సగం చాపి గొడుగు పడుతుంది. దాని నీడలో పిల్లలు. అలా ఎంతసేపు నిలబడిందో చూద్దామని వాచీ పెట్టుకుని కూర్చున్నాను, ముప్పావుగంటకి నాకే దాహమేసి లేచాను, అది మాత్రం అక్కడే ఉంది. అందుకే గూళ్ళ దగ్గర కేకలేయడం, డ్రోన్లు ఎగరేయడం వద్దని మొత్తుకునేది. తల్లి బెదిరి లేచిపోతే పిల్లలకి మొదటి శత్రువు కాకి, రెండోది ఎండ.

వీటన్నిటికంటే ఈ రోజుల్లో నాకు ఇష్టమైంది వేరే ఉంది. చెప్తే చిన్న విషయంలా ఉంటుంది. ఉగాదికి మనం కొత్త బట్టలు కట్టుకున్నట్టు పక్షులు కూడా సరిగ్గా ఇప్పుడే ఈకలు మార్చుకుంటాయి. చెరువు గట్టున తోక ఊపుకుంటూ పరిగెత్తే పసుపు వాగ్‌టెయిల్ డిసెంబరులో మట్టి కొట్టుకుపోయినట్టు ఉంటుంది, మార్చి వచ్చేసరికి మగదానికి పొట్టంతా పసుపు ముద్ద. నీళ్ళలో మునిగి ఎక్కడో తేలే మునుగుడు కోడికి మెడ ఎర్రబడుతుంది. గులాబీ గోరింకలు, అవే రోజీ స్టార్లింగ్‌లు, చలికాలమంతా మాసిన రంగులో తిరిగి, వెళ్ళిపోయే ముందు గులాబీ రంగు తేరతాయి. పూసిన బూరుగు చెట్టు ఏదైనా కనబడితే ఆగి చూడండి, పువ్వుల్లో తేనె కోసం తల దూర్చి, నుదుటి నిండా పుప్పొడి పూసుకుని, సంతలో బేరాల్లా ఒకటే రొద. సాయంత్రం ఉప్పలపాడులోనే ఉండిపోగలిగితే అవి రాత్రికి దిగడం కనిపిస్తుంది. గుంపు గుంపుగా వచ్చి ఆకాశంలో ఒక్కసారి అటు తిరిగి, ఒక్కసారి ఇటు మడతపడి, చివరికి ఎవరో బస్తా గుమ్మరించినట్టు చెట్లలోకి పడతాయి. ఏప్రిల్ మధ్యకల్లా అవి కూడా ఉండవు, కజకిస్తాన్ వైపు గడ్డి మైదానాల్లో వాటికి గూళ్ళు పెట్టుకునే పనుంది. అక్కడ మిడతల్ని తింటాయని రైతులు వాటిని ఆదరిస్తారు, ఇక్కడ జొన్న కంకులు తింటాయని మనవాళ్ళు డబ్బాలు కొట్టి తరుముతారు. అదే పిట్ట.

మీవాడికి ఒక నోట్‌బుక్ ఇచ్చి ఒక పని అప్పజెప్పండి. పక్షి ఎప్పుడొచ్చిందో రాయడం తేలిక, కనబడగానే రాసేస్తాం. ఎప్పుడు వెళ్ళిపోయిందో రాయడమే కష్టం, ఎందుకంటే ఆఖరిసారి చూస్తున్నప్పుడు అదే ఆఖరిసారి అని మనకి తెలియదు. వారం వారం వెళ్ళి, 'ఈ వారం లేదు' అని రాసినప్పుడే పోయిన వారం తేదీకి విలువ వస్తుంది. ఉగాది దాకా ప్రతి ఆదివారం వెళ్ళగలరా? ఉప్పలపాడే అక్కర్లేదు, మీ ఇంటికి దగ్గర్లో ఏ కుంటైనా సరే.

ప్రశ్న: మీరు 'వలస పక్షుల చెరువు' అని రాశారు. ఉప్పలపాడు పెలికాన్లు సైబీరియా నుంచి, ఆస్ట్రేలియా నుంచి వస్తాయని చిన్నప్పట్నించీ వింటున్నాను, పిల్లలకి పాఠం కూడా అలాగే చెప్పాను. మొన్న మా కోడలు కాదంది. ఎవరిది రైటు? - రిటైర్డ్ టీచర్, తెనాలి

జవాబు: మీ కోడలిదే రైటు మాస్టారూ, తప్పు నాది కూడా, అలవాటు కొద్దీ రాసేశాను. మన గూడబాతు మన దేశపు పక్షే, ఇక్కడా శ్రీలంకలో కంబోడియాలో గూళ్ళు పెట్టే జాతి. ఎర్రకాళ్ళ కొంగ కూడా అంతే, మన దగ్గర్నుంచి ఆగ్నేయాసియా దాకా ఉంటుంది, సైబీరియా మొహం చూసి ఎరగదు. ఆస్ట్రేలియాలో పెలికాన్ ఉన్న మాట నిజమే, కానీ అది వేరే జాతి, ఇక్కడ గూళ్ళు పెట్టేది అది కాదు. మనవి తిరిగేదల్లా నీళ్ళూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి, కొల్లేరుకో, నెల్లూరు వైపు నేలపట్టుకో. గూళ్ళు ఇక్కడ పెట్టి పిల్లల్ని ఇక్కడ కంటున్న పక్షిని విదేశీ అతిథి అనడం నాకు మొదట్నించీ కొంచెం విచిత్రంగానే ఉండేది, అయినా బోర్డుల మీద అలా కనబడితే మనమూ అదే అనేస్తాం. దూరం నుంచి వచ్చిందంటేనే గౌరవం ఇవ్వడం మనకి అలవాటు కదా, పెళ్ళి సంబంధాల్లోలాగా.

నిజంగా సైబీరియా దాకా వెళ్ళొచ్చేవి అదే చెరువు అంచున బురదలో మన కళ్ళ ముందే ఉంటాయి, ఎవరూ ఫొటో తియ్యరు. వుడ్ శాండ్‌పైపర్ అని మచ్చల మచ్చల ఉల్లంకి పిట్ట ఒకటుంది, పట్టుకుంటే అరవై డెబ్భై గ్రాములు ఉంటుందేమో, అంటే ఒక కోడిగుడ్డంత బరువు. అది పుట్టేది స్కాండినేవియా నుంచి సైబీరియా దాకా పరుచుకున్న చిత్తడి అడవుల్లో. నాలుగైదు కిలోల గూడబాతు మన జిల్లాల్లో చక్కర్లు కొడుతుంటే, కోడిగుడ్డంత పిట్ట ఖండం దాటి వస్తోంది. పిల్లలకి ఇది చెప్పండి మాస్టారూ, పాత పాఠం కంటే బాగుంటుంది.

ప్రశ్న: కెమెరా కొనాలా, బైనాక్యులర్స్ కొనాలా? ఏ నంబరుది?

జవాబు: బైనాక్యులర్సే. కెమెరా ఉంటే పక్షిని చూడరు, స్క్రీన్ చూస్తారు. 8 ఇంటూ 42 అని రాసి ఉన్నది తీసుకోండి: ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు, కాబట్టి తెల్లవారుజాము మసక వెలుతురులో కూడా పనిచేస్తుంది. 12 రెట్లు, 20 రెట్లు అని షాపువాడు ఊరిస్తాడు, చేతి వణుకు కూడా అన్ని రెట్లే పెరుగుతుందని చెప్పడు. వాడేటప్పుడు కళ్ళు పక్షి మీంచి తిప్పకుండా అలాగే ఉంచి అద్దాలు కళ్ళకి తెచ్చుకోండి, ముందు అద్దాలు పెట్టుకుని తర్వాత పక్షిని వెతికితే ఆకాశం తప్ప ఏం కనబడదు. ఫోన్‌లో మెర్లిన్ అనే యాప్ కూతని బట్టి పేరు చెప్తుంది, ఫ్రీ. పేరు తెలుసుకోవడానికి వాడుకోండి గానీ ఆ కూతలు స్పీకర్లో పెట్టి పక్షుల్ని పిలవకండి, గూడు వదిలి పోట్లాటకొస్తాయి పాపం.

ప్రశ్న: నాకు అరవై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. విజయవాడ భవానీపురం. కొల్లేరు, ఉప్పలపాడు అంటే నా వల్ల కాదు. ఇంటి చుట్టుపక్కల చూసే వీలుందా?

జవాబు: ఉందండీ, మీరు రోజూ చూస్తూనే ఉండి ఉంటారు. ప్రకాశం బ్యారేజీకి దిగువన ఈ రోజుల్లో నీళ్ళు తగ్గి ఇసుక మేటలు, మడుగులు తేలతాయి కదా, అదే మీ చెరువు. ఒడ్డునే ఉండండి, లోపలికి దిగొద్దు, ఇసుక తవ్విన గుంటలుంటాయి, నీళ్ళు ఎప్పుడు వదులుతారో చెప్పలేం. కుర్చీ వేసుకుని కూర్చున్నా చాలు. ఎర్రటి చీపురుపుల్లల్లాంటి కాళ్ళతో నడిచే నలుపు తెలుపు పక్షులు, రెక్కలు చాపి బట్టలారేసుకున్నట్టు కూర్చునే నీటికాకులు, గాల్లో ఒకేచోట నిలబడి రెక్కలు కొట్టి దబ్బున నీళ్ళలోకి దూకే నలుపు తెలుపు లకుముకి పిట్ట. నీటికాకి ఈకలు తడిసిపోతాయి, అందుకే ఆరబెట్టుకుంటుంది. నీళ్ళలో తిరిగే పక్షికి తడిసే ఈకలేమిటి అనుకుంటాం, తడిస్తే గాలి బుడగలు పోయి మునగడం తేలికవుతుంది.

అక్కడ తీతువు కూడా ఉంటుంది. తీతువు కూస్తే కీడు అని మా అమ్మమ్మ రాత్రిళ్ళు తలుపులేసేది. మార్చి నుంచి అది నేల మీదే, రాళ్ళ మధ్య, గూడు అని చెప్పుకోవడానికి కూడా లేని చిన్న గుంటలో గుడ్లు పెడుతుంది. మనిషో కుక్కో దగ్గరికొస్తే పగలూ రాత్రీ అరిచి గోల చేస్తుంది. మనకి కీడు చెప్పడం లేదు, మన వల్ల దానికి కీడని అరుస్తోంది. ఆ అరుపు వినబడితే కింద చూసుకుని వెనక్కి నడవండి.

ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడమే ఇందులో అసలు కిటుకు, దానికి మోకాళ్ళు పెద్దగా అక్కర్లేదు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు పెరటి పక్షుల్ని లెక్కపెట్టే కార్యక్రమం ఒకటి 1998 నుంచి నడుస్తోంది, 2013 నుంచి ప్రపంచమంతటా జరుగుతోంది, మన దేశమూ అప్పుడే కలిసింది. పదిహేను నిమిషాలు ఒకచోట కూర్చుని చూసినవి రాస్తే చాలు. ఈ ఏడు అయిపోయింది, వచ్చే ఏడు మీ కుర్చీ రెడీగా పెట్టుకోండి.

ఎప్పుడైనా ఎవరైనా కారులో తీసుకెళ్తే మాత్రం ఆటపాక చూడండి. కైకలూరు పక్కనే, గుడివాడ మీదుగా భీమవరం పోయే రైళ్ళు కైకలూరులో ఆగుతాయి కూడా. గూడబాతుల గూళ్ళు దగ్గరగా కనిపిస్తాయి.

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. మీకు చిత్తడి నేలలు ముద్దు, మాకు దోమలు. మా వీధి చివర మడుగు పూడ్చేస్తే పీడా పోతుంది అని మేమంతా అర్జీ పెట్టబోతుంటే మీరు పిట్టల కథలు చెప్తారా?

జవాబు: కోపం అర్థమైంది బాబూ. కానీ ఒక్క మాట. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు మీ వీధిలోకి వచ్చింది కదా, మొదటి అంతస్తు దాకా నీళ్ళు చూసినవాళ్ళు మీలోనే ఉంటారు. ఆ బుడమేరు వెళ్ళి కలిసేది కొల్లేరులో. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పళ్ళెంలా ఉన్న కొల్లేరు వానాకాలం వరదని పట్టుకుని, ఉప్పుటేరు గుండా నెమ్మదిగా సముద్రంలోకి వదలాలి. ఆ పళ్ళెంలో గట్లు పోసి చేపల చెరువులు కట్టేస్తే నీళ్ళు ఎక్కడ నిలబడతాయి? 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో కాపాడుకోవాల్సిన చిత్తడి నేలల జాబితాలో చేర్చారు, 2006లో గట్లు పగలగొట్టారు, తర్వాత మళ్ళీ పుట్టుకొచ్చాయి. మీ వీధి చివరి మడుగు కొల్లేరంత కాకపోవచ్చు, అయినా వానొచ్చినప్పుడు అందులో నిలబడే నీళ్ళు దాన్ని పూడిస్తే మీ గుమ్మంలోనే నిలబడతాయి.

దోమల విషయం మీరన్నది కొట్టిపారేయను. మురుగు కలిసి, ప్లాస్టిక్ కప్పేసి, చేప బతకని నీళ్ళలో దోమలు విపరీతంగా పెరుగుతాయి. చేపలు, కప్పలు, తూనీగలు ఉన్న నీళ్ళలో వాటి పిల్లల్ని తినేవాళ్ళుంటారు. అంటే మీ అర్జీలో 'పూడ్చండి' అని కాకుండా 'ఇందులోకి డ్రైనేజీ వదలకండి, గుర్రపుడెక్క తీయించండి' అని రాయండి, నేనూ సంతకం పెడతాను. ఇంకోటి, డెంగీ దోమ ఆ మడుగులో కాదు, మీ కూలర్లో, డాబా మీద పాత టైర్లో, పూలకుండీ కింది పళ్ళెంలో పెరుగుతుంది. ముందు అవి చూడండి.

ప్రశ్న: కోయిల కూడా వలస వెళ్ళి ఉగాదికి తిరిగొస్తుందా? చలికాలంలో కనబడదు కదా.

జవాబు: ఇక్కడే ఉంటుంది, నోరు మూసుకుని. ఫిబ్రవరి చివర్నించి గొంతు సవరించుకుంటుంది. కూసేది మగది, నల్లగా ఉంటుంది. ఆడది గోధుమరంగు మీద తెల్ల మచ్చలతో ఉండి, కాకి గూడు ఖాళీ అయ్యేదాకా కాచుకుని కూర్చుంటుంది.

ప్రశ్న: చెరువు దగ్గరికి వెళ్ళేటప్పుడు పక్షులకి మరమరాలు, బ్రెడ్డు తీసుకెళ్ళొచ్చా?

జవాబు: వద్దు. గూడబాతు చేప తింటుంది, దానికి మీ మరమరాలు దేనికి? అవి నీళ్ళలో కుళ్ళుతాయి. మరమరాలు మీరు తినండి, కవరు జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చేయండి.